చావుల రిజిస్టరులో మాలపల్లి, మాదిగగూడెం ఎక్కడ?

2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన మరణాలు దాదాపు 1 లక్షా 30 వేలు. కరోనాకి ముందు, 2018, 2019 మే నెలల్లో నమోదైన వాటికి ఇది అయిదు రెట్ల దాకా ఉంటుంది. ఆ నెలకి ప్రభుత్వం చెప్పిన కరోనా చావులు మాత్రం మూడు వేలు కూడా లేవు. రిజిస్టరు లెక్కలు బయటికి తీసి ఈ సంగతి రాసింది పాత్రికేయురాలు ఎస్. రుక్మిణి. 2020, 2021 రెండేళ్లలో దేశం మొత్తం మీద 47 లక్షల అదనపు మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా కట్టింది. కేంద్రం ఒప్పుకోలేదు. దాని లెక్క 4 లక్షల 80 వేలే. కానీ 2025 మేలో కేంద్రం బయటపెట్టిన సొంత రిజిస్టరు నివేదిక ప్రకారమే 2021లో నమోదైన మరణాలు 1 కోటీ 2 లక్షలు. అంతకు ముందటి ఏడాది కంటే 21 లక్షలు ఎక్కువ.

అదనపు మరణాల లెక్కంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మామూలు ఏడాదుల్లో ఎందరు పోయేవాళ్లు, ఈ ఏడు ఎందరు పోయారు - రెండోదాంట్లోంచి మొదటిది తీసెయ్యటమే. డాక్టరు కాగితం అక్కర్లేదు. పరీక్షకి నోచుకోకుండా ఇంట్లో చాపమీదే పోయిన కూలిమనిషి కూడా, చావు రిజిస్టరైతే చాలు, లెక్కలోకి వస్తాడు. ఆ మేరకు ఇది మన పక్షాన నిలబడే పద్ధతే. అయితే దీన్ని వాడుతున్న మేధావుల్లో ఎక్కువమంది రెండు ప్రశ్నలు దాటేస్తున్నారు. ఆ పోయినవాళ్లు ఎవరు? 'మామూలు' అంటే ఏమిటి?

మొదటి ప్రశ్నకి పామర్రునే తీసుకుందాం. 2009 ఎన్నికల నుంచి ఇది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. జనాభా లెక్కల్లో ఎస్సీలు ఎందరో తలకాయలు లెక్కపెట్టి చూసి చేసిన పని అది. సీటుకి మన లెక్క కావాలి. చావుకి మాత్రం అక్కర్లేదు. మరణ నమోదు ఫారంలో వయసుంది, మతముంది, వృత్తి ఉంది, చివర్లో వైద్యం అందిందా లేదా అన్నది కూడా ఉంది. కులం లేదు. అందుకే 2021 ఎండాకాలంలో పామర్రు, గుడివాడ, బందరు చుట్టుపక్కల ఊళ్లో ఎందరు పోయారు, పల్లెలో, గూడెంలో ఎందరు పోయారు అంటే ఏ ఆఫీసూ జవాబు చెప్పలేదు.

కులం అడిగితే ఏం తెలుస్తుందో 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా చెప్తుంది. బొంబాయి నగరంలో ఆనాటి తెల్లదొరల ఆరోగ్యశాఖ కులాలవారీగా చావులు లెక్క కట్టింది. వెయ్యిమందికి యూరోపియన్లు 8 మంది పోతే, సవర్ణ హిందువులు 19 మంది పోయారు. 'తక్కువ కులాలు' అని వాళ్లు రాసుకున్న జనం 61 మందికి పైగా పోయారు. దొరలకి మనమీద ప్రేమేం లేదు. అయినా ఆ కాలమ్ ఉండబట్టే నూరేళ్ల తర్వాత కూడా ఆ అన్యాయం పేరుపెట్టి చెప్పగలుగుతున్నాం. రోగానికి కులం లేదనే మాట ఎంత అబద్ధమో ఆ అంకెలే చెప్తాయి.

ఇక రెండోది. తొమ్మిది రాష్ట్రాల సర్వే మీద 2022లో వచ్చిన పరిశోధన ప్రకారం దళితుల ఆయుర్దాయం అగ్రకుల హిందువుల కంటే మూడేళ్లకి పైగా తక్కువ. ఆస్తిపాస్తుల తేడా పక్కనపెట్టినా ఆ అంతరం పూర్తిగా పోదు. అంటే మహమ్మారి లేని ఏడాదిలో కూడా మనవాళ్లు ముందే పోతున్నారు. ఆ చావులన్నీ 'మామూలు' ఖాతాలోకి పోతాయి. తీసివేత మొదలయ్యేది ఆ తర్వాతే! కాబట్టి దళితుల అదనపు చావుల్ని దళితుల మామూలు చావులతో మాత్రమే పోలిస్తే రోజువారీ అన్యాయం లెక్కలోంచి జారిపోతుంది. అగ్రకులాల చావుల రేటుతో కూడా పోల్చి చూడాలి.

ఈ ప్రశ్న వేసినవాళ్లు లేకపోలేదు. 2024లో వచ్చిన ఒక అధ్యయనం కుటుంబ సర్వే ఆధారంగా, 2020 ఒక్క ఏడాదిలోనే అగ్రకుల హిందువుల ఆయుర్దాయం 1.3 ఏళ్లు, ఎస్సీలది 2.7, ఎస్టీలది 4.1, ముస్లింలది 5.4 ఏళ్లు పడిపోయిందని చెప్పింది. అందులో మన రాష్ట్రం లేదు. ఇక్కడ ఆ సర్వే కరోనా రాకముందే, 2019లోనే జరిగిపోయింది.

ఫారంలో కులం కాలమ్ పెట్టాలని అడగాల్సిందే. అయితే కృష్ణా డెల్టాలో ఒక చిక్కుంది. 1841లో బందరులో సిఎంఎస్ మిషన్ మొదలైన దగ్గర్నుంచి ఇక్కడి పల్లెల్లో, గూడేల్లో క్రైస్తవం వేళ్లూనుకుంది. చట్టం దృష్టిలో దళిత క్రైస్తవులు ఎస్సీలు కారు, బిసి-సి. ఒట్టి 'ఎస్సీ' అని రాస్తే సగం గూడెం మళ్లీ కనపడకుండా పోవచ్చు. మాల, మాదిగ అని కులం పేరే రాయాలి, మతం వేరే రాయాలి. ఆ వివరాలు ఎవరి చేతిలో పడితే వాళ్ల చేతిలో పడకుండా కాపాడే నిబంధన కూడా ఉండాలి.

ప్రభుత్వం చేసేదాకా కూర్చోనక్కర్లేదు. 2018 నుంచి 2022 దాకా ఊరికీ పల్లెకీ వేర్వేరుగా, ఇంటింటికీ తిరిగి ఎవరు, ఏ నెలలో, ఏ వయసులో పోయారో రాయొచ్చు. చర్చి సమాధి రిజిస్టరుతో, పంచాయతీ రిజిస్టరుతో సరిచూడొచ్చు. కాలేజీ విద్యార్థులు, టీచర్లు పూనుకుంటే ఒక మండలానికి ఒక ఎండాకాలం సెలవులు చాలు. అయిదేళ్లు దాటితే నెలలు గుర్తుండవు, ఇళ్లు ఖాళీ అవుతాయి. ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.