చెరువు లెక్కలు ఎవరి సొత్తు?

కైకలూరు, ఆకివీడు పక్క చెరువుల్లోకి సాఫ్ట్‌వేర్ దిగి చాలా కాలమే అయింది. నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) పడిపోతే అర్ధరాత్రి ఫోను మోగించే సెన్సర్లు, రొయ్య ఆకలిని బట్టి మేత వదిలే యంత్రాలు, ఉపగ్రహ చిత్రాలు చూసి ఏ చెరువులో సాగు నడుస్తోందో చెప్పే యాప్‌లు వచ్చాయి. కొన్నింటికి పుట్టిల్లు కూడా దూరం కాదు; 2012లో మొదలైన ఎరువాక విజయవాడ సంస్థే. వీటిలో ఏది వాడాలన్నా ముందు ఫోనులో ఒక పొడవాటి ఇంగ్లిషు ఒప్పందాన్ని ఒప్పుకోవాలి.

అలాంటి ఒప్పందాలు చదవడం ఈ కాలమిస్టుకు పని, కొంత వ్యసనం కూడా. చదివేది మాత్రం చివరి పేజీ నుంచి. సంస్థ ఏం చేసిపెడుతుందో మొదట రాస్తారు, ఏం చేయదో చివర్లో రాస్తారు. నష్టమొస్తే ఎంత భరిస్తారు, తగువొస్తే ఏ ఊరి కోర్టు, చందా ఆపేశాక లెక్కలు ఎవరి దగ్గరుంటాయి, అన్నీ అక్కడే. ఇది ఏ ఒక్క సంస్థ సంగతీ కాదు, సాఫ్ట్‌వేర్ వ్యాపారమంతటా ఉన్న వాడుకే: పరిహారం ఏడాది చందాకు మించదని రాసుకుంటారు. లక్షల సరుకు తెల్లారేసరికి నీటిపైకి తేలినా అంతే.

లెక్కల సంగతే ఎవరూ పట్టించుకోరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కాపాడేది మనిషి సమాచారాన్ని. రైతు ఫోను నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా దాని కిందికి వస్తాయి. డీఓ ఎంత, మేత ఎన్ని కిలోలు, రొయ్య ఏ కౌంట్‌కు (కిలోకు ఎన్ని) వచ్చింది అన్నవి రైతు పేరుతో ముడిపడి ఉన్నంతసేపూ వాదించుకోవచ్చు. పేర్లు తీసేసి వెయ్యి చెరువులవి ఒకచోట పోగేశారా, ఇక ఆ చట్టానికి వాటితో పనిలేదు. అసలు విలువేమో ఆ పోగులోనే ఉంది. ఫలానా వారం ఆకివీడు పక్క 50 కౌంట్ సరుకు ఎంత దిగబోతోందో ముందే తెలిసిన కొనుగోలుదారు ధర దగ్గర ఎంత బిగుస్తాడో రొయ్య రైతుకు వేరే చెప్పాలా? అక్కడ దిక్కు ఒప్పందమే. అడిగినప్పుడు నా చెరువు లెక్క నాకివ్వాలి, నన్నడక్కుండా కొనేవాడికీ అప్పిచ్చేవాడికీ ఇవ్వకూడదు అని రెండు వాక్యాలు చేర్పించుకోవాలి. ఒంటరి రైతుకు ఎవరూ రాసివ్వరు. వంద చెరువుల వాళ్లు కలిసి అడిగితే మాట వేరు.

కొల్లేరు సరస్సులో ఈ లెక్కలకు ఇంకో మెలిక ఉంది. ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు) దాకా 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట లోపలి చెరువుల గట్లు తెంచారు. చెరువు ఆ అభయారణ్యం గీతకు లోపలా బయటా అన్నది అక్కడ చిన్న ప్రశ్న కాదు. యాప్ మాత్రం చెరువును మ్యాపు మీద గుర్తుపెట్టి, పక్కనే ఫోను నంబరు రాసుకుంటుంది. నేరాల దర్యాప్తు కోసమైతే డేటా చట్టంలోని 17వ సెక్షను చాలా బాధ్యతలను సడలించింది. అక్రమ చెరువు దొరికిపోతుందని ఈ కాలమిస్టుకు బెంగ లేదు. కానీ కౌలు సాగులో యాప్ తెరిచేది కౌలుదారు, ఆ నంబరూ అతనిదే. వెనక పెట్టుబడి పెట్టినాయన పేరు ఆ మ్యాపులో ఎక్కడా ఉండదు.

చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో మొదలవుతాయి. అప్పటినుంచి సమ్మతి కోరే నోటీసు తెలుగులోనూ చదువుకునే వీలుండాలి. తాడేపల్లిగూడెం నిట్‌లో నలుగురు కుర్రాళ్లు ఇలాంటి యాప్ కట్టినా సరే, డేటా క్లౌడ్ సంస్థ దగ్గరుందని చేతులు దులుపుకోవడం కుదరదు. భద్రతలో లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. నోటీసు తెలుగులోకి వచ్చినా, పరిహారం షరతు ఇంగ్లిషులోనే ఉండిపోవచ్చు.

ఇక యంత్రం సలహా తప్పి పంట పోతే? దారి పాత విత్తనాల కేసులో ఉంది. ఆంధ్రప్రదేశ్ రైతులకూ నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కూ నడిచిన తగువులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చంది. పరీక్షకు విత్తన నమూనా చూపలేదన్న వాదన కూడా నిలవలేదు. కొన్న విత్తనమంతా చల్లేసిన రైతు నమూనా ఎక్కడినుంచి తెస్తాడు? సెన్సరు విషయంలో ఇబ్బంది ఇంకా పెద్దది, నమూనా మొదటినుంచీ అవతలివాడి సర్వరులోనే ఉంటుంది. ఇలాగే తెలంగాణలో కంప్యూటరు లెక్కతో రేషన్ కార్డులు పోయినవాళ్లకూ కారణమేమిటో తెలియలేదు. దాదాపు 19 లక్షల కార్డులను మళ్లీ ఊళ్లకు వెళ్లి పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

2019 వినియోగదారుల చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏ నగరం పేరున్నా, రైతు తానుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. ఏలూరు రైతుకు ఏలూరు కమిషనే చాలు. వందల ఎకరాల ఆసామిని మాత్రం వినియోగదారు కాదు, వ్యాపారి అని పక్కన పెట్టవచ్చు. ఫిర్యాదుతోపాటే సర్వరులోని లెక్కలు తెప్పించమని దరఖాస్తు కూడా పెట్టాలి. చందా ఆగాక సంస్థలు వాటిని చెరిపేస్తాయి, కొన్ని ఒప్పందాల్లో ఆ గడువు 30 రోజులే.