దొరకని బానెట్టు, దొరికే మేస్త్రీ

అరుదైన కారును సొంతంగా కట్టుకోవాలని, మూలపడ్డ దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని తపించే కుర్రవాళ్లు మా వైపు కూడా తయారయ్యారు. కడపలో, రాజంపేటలో, ప్రొద్దుటూరులో నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, బాడీ పార్టులు యాడ దొరుకుతాయి?" ఇంజను ఎట్లాగో దొరుకుతుంది. గేరుబాక్సును బాగుచేసే మెకానిక్కు ఊరికొకడు ఉన్నాడు. దొరకనిదల్లా ఒంటిమీది రేకే. నేను వాళ్లకు చెప్పేది కూడా ఒకటే మాట. పార్టును వెతకండి, తప్పులేదు. అంతకన్నా ముందు మంచి టింకరింగ్ మేస్త్రీని వెతకండి. ఆయన దొరికితే పార్టు దొరికినట్టే.

మా ఒంటిమిట్ట మేస్త్రీల మీద అభిమానంతో అంటున్నానని కొందరికి అనిపిస్తుంది. అభిమానం ఉంది, దాచుకోను. కానీ ఈ మాటకు సాక్ష్యం సాక్షాత్తూ ఇటలీలో ఉంది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన కార్లలో ఒకటైన ఫెరారీ 250 జీటీఓను 1962 నుంచి 1964 వరకు 36 మాత్రమే చేశారు. 2018 ఆగస్టులో అమెరికా వేలంలో వాటిలో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది. ఆ కారు ఒంటిని కొట్టి తీసింది మొడెనాలో సెర్జియో స్కాలియెట్టి షెడ్డు. 1920లో పుట్టిన ఆయన 13 ఏళ్లకే పనిలో చేరాడు. ఇసుక సంచి మీద అల్యూమినియం రేకు పెట్టి, కంటి అంచనాతోనే వంపులు తీసేవాడని చెబుతారు. 2004లో ఫెరారీ కంపెనీ తన కొత్త కారుకు ఆయన పేరే పెట్టుకుంది. ఒక రేకు మేస్త్రీకి దక్కిన గౌరవం అది!

ఇందులో మనవాళ్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. చేత్తో కొట్టిన ఆ కార్లలో ఒకదాని మడ్‌గార్డు ఇంకోదానికి సరిగ్గా అతకదు. ఒకే కారులో కుడివైపు వంపు, ఎడమవైపు వంపు కూడా కచ్చితంగా ఒకటిగా ఉండవు. అంటే కోట్లు పోసి అసలు పార్టే తెప్పించినా, దాన్ని మీ కారుకు కూర్చోబెట్టడానికి మళ్లీ సుత్తి పట్టినవాడే కావాలి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం నవాబుల 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, చూసే ఉంటారు. దాని ఒంటిని కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. అటువంటి దానికి ఏ దుకాణంలో డోరు దొరుకుతుంది?

ఈ కాలపు సూపర్‌కార్ల కథ కూడా అంతే. మిస్టర్ బీన్‌గా మనందరికీ తెలిసిన రోవన్ అట్కిన్సన్ 2011లో తన మెక్‌లారెన్ ఎఫ్1ను చెట్టుకు గుద్దాడు. మొత్తం 106 మాత్రమే చేసిన కారు, ఒళ్లంతా కార్బన్ ఫైబర్. మరమ్మతుకు బీమా కంపెనీ 9 లక్షల 10 వేల పౌండ్లు చెల్లించింది. పని ఏడాదికి పైగా సాగింది. అంత డబ్బు పోసింది కూడా చివరికి నిపుణుల చేతుల కోసమే.

ఇక వెతుకులాట. చెన్నై పుదుపేట, ముంబై కుర్లా, ఢిల్లీ మాయాపురి పాత పార్టుల సంతలు. మా ఒంటిమిట్ట నుంచైతే రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా చెన్నై పోవడం సులువు కనుక మావాళ్లందరూ పుదుపేట గాలి పీల్చినవాళ్లే. విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు రెండు మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. అమెరికాలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. అక్కడి బండి నుంచి కోసిన అద్దం కింది పలకకు వైపరు రంధ్రాలు తిరగబడి ఉంటాయి. హెడ్‌లైటు వెలుగు కూడా మనకు కావలసిన పక్కకు వంగదు. పార్టు ఫొటోను ముందువైపు నుంచి కాదు, లోపలివైపు నుంచి అడగండి. పాత అతుకులు, పుట్టీ, తుప్పు అక్కడే బయటపడతాయి. అమ్మేవాణ్ని రేకు మీద అయస్కాంతం పెట్టి చూపించమనండి. ఇనుప రేకు మీద అది అంటుకోని చోట పుట్టీ దట్టంగా ఉన్నట్టే. బిల్లు లేని పార్టు ముట్టుకోవద్దు. అది ఎవరి ఇంటి ముందు నుంచి మాయమైన బండిదో మీకు తెలియదు.

ఇంత తిరిగినా దొరకనప్పుడు మొదలవుతుంది అసలు పని. దాన్ని దగ్గర కూర్చుని చూసే అదృష్టం నాకు దక్కింది. కడప రోడ్డులో మాకు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. పత్రికలో పేరు వద్దన్నాడు కనుక మేస్త్రీ అనే రాస్తాను. ఒక మిత్రుడి స్టాండర్డ్ హెరాల్డ్ ఆయన చేతికొచ్చింది. 1961 నుంచి మద్రాసులో తయారైన కారది. దాని రూపం గీసిన జొవాన్నీ మికెలోట్టి ఫెరారీలకూ రూపం గీసినవాడే. దాని బానెట్టు మామూలుగా లేవదు. మడ్‌గార్డులతో సహా ముందుభాగం మొత్తం ఒక్కసారిగా ముందుకు వాలుతుంది. ఆ ముందుభాగం సగం తుప్పు తినేసింది. పుదుపేటలో లేదు, బెంగళూరులో లేదు. "చేద్దాం లే సామీ" అన్నాడు మేస్త్రీ.

ముందు మిగిలిన సగానికి అట్టముక్కలు ఆనించి వంపులు కత్తిరించుకున్నాడు. వాటిని తిప్పి రెండో పక్కకు కొలతలు తీసి, సన్నటి ఇనుప కడ్డీలతో చట్రం కట్టాడు. రేకు ఆ చట్రానికి ఎక్కడ ఆనితే అక్కడ సరి, ఎక్కడ సందు ఉంటే అక్కడ ఇంకా పని ఉన్నట్టు. తర్వాత 20 గేజి రేకు, అంటే 0.9 మిల్లీమీటరు మందం. ఇసుక సంచి మీద చెక్క సుత్తితో మధ్య నుంచి అంచుకు కొట్టుకుంటూ పోయాడు. మొదట్లో రేకంతా గుంటలు పడి, పాడైపోయిందేమో అనిపిస్తుంది చూసేవాడికి. ఆయన మొహంలో మాత్రం కంగారు ఉండదు.

తర్వాతది డాలీ పని. రేకు వెనక చేతిలో ఇమిడే ఇనుప దిమ్మె, ముందు సుత్తి. ఈ రెండూ సరిగ్గా ఎదురెదురుగా తగిలితే మధ్యలోని రేకు పలచబడి సాగుతుంది. కొంచెం పక్కపక్కగా తగిలితే ఎత్తు దిగి, పల్లం లేస్తుంది. ఎక్కడ ఏది కావాలో క్షణక్షణం తేల్చుకోవాలి. ఎక్కువ కొడితే రేకు గట్టిపడి చిట్లుతుంది. ఎక్కువ సాగితే ఉబ్బి, వేలుతో నొక్కినప్పుడు టకామని లోపలికి పోయి బయటికి వస్తుంది. అప్పుడు నాణెమంత జాగాను గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, సుత్తితో అదిమి, తడిగుడ్డతో చల్లారుస్తాడు. చల్లారుతూ ఇనుము ముడుచుకుంటుంది, ఉబ్బు దిగుతుంది. "రేకు ఏం చెబుతాందో ఇను సామీ, ఆ తర్వాత కొట్టు," అంటాడు పక్కన నిలబడిన నాతో కూడా.

అల్యూమినియమైతే మరీ గడుసుది. కాలినా ఎర్రబడదు. 660 డిగ్రీల దగ్గర చెప్పాపెట్టకుండా కరిగి కారిపోతుంది. దాన్ని మెత్తబరచడానికి పాతవాళ్లు కనిపెట్టిన ఉపాయం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. రేకు మీద సబ్బుముక్కతో గీత గీస్తారు. వెనక నుంచి మంట పెడతారు. గీత గోధుమరంగు దాటి నల్లబడగానే మంట తీసేస్తారు. ఉష్ణమాపకం లేదు, మీటరు లేదు. స్నానం సబ్బే మీటరు!

చివరికి నునుపు చూడటం. పాత బనీను గుడ్డ కింద అరచేయి పెట్టి, కళ్లు మూసుకుని రేకంతా తడుముతాడు. కంటికి కనిపించని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. తర్వాత రేకును నీళ్లతో తడిపి ట్యూబులైటు కింద పెడతాడు. లైటు నీడ గీతగా పారితే సరే, మెలిక తిరిగితే మళ్లీ సుత్తి. ఆ బానెట్టు అంచులో సన్నటి తీగ పెట్టి రేకును దాని మీదికి మడిచాడు చూడండి, ఎక్కడా పగులు లేదు. పాతకాలపు గట్టిదనం మొత్తం ఆ మడతలోనే ఉంది. కుడి మడ్‌గార్డు వంపునైతే ఒకే రేకులో, అతుకు లేకుండా తీశాడు. ఒకే శిలలో సీతారామలక్ష్మణులను మలిచిన ఊరు మాది, ఏకశిలానగరం. ఆ మడ్‌గార్డు చూసిన రోజు నాకు మా కోదండరాముడి గర్భగుడే గుర్తొచ్చింది. ఇంతకన్నా పెద్ద మాట నాకు రాదు.

ఈ విద్య మా ప్రాంతానికి ఎట్లా వచ్చిందో రాసిపెట్టినవాళ్లు లేరు. పక్కనే నందలూరులో ఆవిరి బండ్ల కాలం నాటి పెద్ద లోకోషెడ్డు ఉండేది. ఇనుముతో మాట్లాడటం మా వైపు అక్కడినుంచే అబ్బిందని నా నమ్మకం. లారీలకు, బస్సులకు బాడీలు కట్టడంలో విజయవాడ జవహర్ ఆటోనగర్‌ది పెద్ద పేరు. వాళ్ల పని గొప్పదే, కాదనను. కాకపోతే లారీ బాడీకి నిటారు గీతలు చాలు. కారు వంపు వేరే చదువు.

తెలుగువాళ్లలో ఈ రేకు పిచ్చిని ప్రపంచానికి చూపించినవాడు హైదరాబాదు సుధాకర్ యాదవ్. తుక్కు సామాను పోగేసి వంకాయ, క్రికెట్ బ్యాటు, బూటు, కెమెరా, హెల్మెట్టు ఆకారాల్లో నడిచే కార్లు చేశాడు. 2005 జూలై 1న 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడుచక్రాల సైకిలు తొక్కి గిన్నిస్‌కెక్కాడు. 2010లో బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం తెరిచాడు. పిల్లలు నవ్వుకుంటూ చూసి పోతారు. నేను మాత్రం వంకాయ కారు ముందు చాలాసేపు నిలబడిపోతాను. అన్నివైపులకూ గుండ్రంగా తిరిగే ఆ వంపును రేకులో తీయడం ఎంత కష్టమో సుత్తి పట్టినవాణ్ని అడగండి.

ఇప్పుడు కడుపు మండే విషయానికి వస్తాను. మామూలు కారుకు ఫైబర్ కిట్టు తగిలించి "లాంబోర్గినీ" అని ఊరేగించే రకం పని మన దగ్గర పెరిగిపోయింది. ఫైబర్ మీద నాకు కోపం లేదు. మంచి అచ్చు తీసి, పొరలు పొరలుగా మ్యాటు వేసి, రెసిన్ సమపాళ్లలో కలిపి ఆరనిస్తే అది కూడా గట్టి విద్యే. ఈ కిట్లలో ఆ పాటి ఓపిక ఏది? ఎవరి పార్టు మీదనుంచో దొంగచాటుగా అచ్చు తీస్తారు, ఒక పొర మ్యాటు వేస్తారు, స్క్రూలతో బిగిస్తారు. సందులను వేలెడు మందం పుట్టీతో మూస్తారు. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదని ఏ పనివాణ్ని అడిగినా చెబుతాడు. మా రాయలసీమ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రోడ్ల సంగతి సరేసరి. ఒక్క వేసవికే ఆ పుట్టీ బీటలు వారి పెచ్చులుగా రాలుతుంది. గాలి పోని గాలి రంధ్రాలు, చల్లదనం అందని రేడియేటరు! లక్షలు పోసిన కుర్రాడు ఏడుస్తాడు. మేస్త్రీ పని దగ్గరికొస్తే మాత్రం "అంత టైమా, అంత రేటా" అని బేరం. అన్యాయం ఇది.

చట్టం కూడా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన, రిజిస్ట్రేషనులో రాసిన రూపం మారేట్టు బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే తేల్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు 2021 జూలైలో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. నంబరులో 'వీఏ' అక్షరాలు, కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయల రుసుము. అంటే వేషం మార్చేవాడికి దారి మూసుకుంది, అసలు రూపాన్ని నిలబెట్టేవాడికి గౌరవం దొరికింది. రేకు మేస్త్రీకి ఇంతకన్నా మంచి కాలం రాదు.

ఆ మంచి కాలం వచ్చేసరికి మేస్త్రీలే లేకుండా పోతున్నారు. ఇప్పటి షోరూముల్లో చొట్టపడిన డోరును బాగుచేయరు, పీకి కొత్తది వేస్తారు. బీమా డబ్బు కూడా అట్లాగే పోతుంది. డాలీ పట్టడం నేర్పే అవసరమే వాళ్లకు లేదు. మా మేస్త్రీ దగ్గర ఒకప్పుడు సందు లేకుండా పిల్లలు ఉండేవాళ్లు. ఇప్పుడు ఆయన కొడుకు కూడా బెంగళూరులో వేరే ఉద్యోగం చూసుకున్నాడు. వాణ్ని తప్పుపట్టను. పొద్దంతా కొడితే వచ్చే కూలి ఎంతో నాకు తెలుసు.

అందుకే అడుగుతున్నాను. ఐటీఐల్లో ఆటో బాడీ రిపేరు, షీట్ మెటల్ కోర్సులు ఉన్నాయి. మా జిల్లా ఐటీఐలు సర్టిఫికెట్టు అడగకుండా ఇటువంటి మేస్త్రీలను పిలిపించి, రోజు కూలికి తగ్గకుండా ఇచ్చి, పిల్లలకు నేర్పించాలి. పాత కార్ల సంఘాలవాళ్లు, సంపన్నులు తమ బండ్ల పనిలో కొంతైనా ఈ షెడ్లకు ఇవ్వాలి, పనిని వీడియో తీసి దాచాలి. వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి మా రాముడి గుడిని బాగుచేయించిన నేల ఇది. అడగడానికి నేను సిగ్గుపడను.

హెరాల్డుకు ఎడమ డోరు అడుగుభాగం, డిక్కీ మూత ఇంకా మిగిలే ఉన్నాయి. నేర్చుకుంటామని ఎవరొచ్చినా సుత్తి చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటానని మేస్త్రీ అన్నాడు. కడప నుంచి 25 కిలోమీటర్లే, ఆదివారం కూడా షెడ్డు తెరిచే ఉంటుంది.