బుచ్చమ్మ ముసలిది ఎప్పుడయింది?

'కన్యాశుల్కం' మొదటి కూర్పు 1897లో వచ్చింది. ఇప్పుడు మనం చదువుకునేది 1909 నాటి రెండో కూర్పు. అందులో బుచ్చమ్మ పడుచు వితంతువు. గిరీశం కన్ను పడింది ఆమె మీదే. నాటకం సంగతి ఎత్తకుండా ఈనాటి పాఠకుడికి ఆ పేరు మాత్రం చెప్పి చూడండి: బోసినోటి ముసలమ్మ కళ్ళముందు మెదులుతుంది. అదే నాటకంలో మధురవాణి వేశ్య. పేరు వినగానే ఆమె వృత్తి స్ఫురించాలనే గురజాడ అలా పెట్టి ఉంటాడు. ఇవాళ ఎవరైనా తమ పిల్లకు మధురవాణి అని పేరు పెడితే, సంగీతం తెలిసిన ఇల్లు కాబోలు అనుకుంటాం. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి పేరు మాత్రం అప్పుడూ చెల్లింది, ఇప్పుడూ చెల్లుతోంది.

మూడు పేర్లూ ఒకే నాటకంలోవి, ఒకే కాలానివి. ఒకటి దిగింది, ఒకటి ఎక్కింది, ఒకటి ఉన్నచోటే ఉంది. కాబట్టి కాలం గడిస్తే పేర్లు పాతబడతాయన్న మాట సగమే నిజం. ఆ పేరు ఎవరిది, వాళ్ళను లోకం ఏ పీట మీద కూర్చోబెట్టింది అన్నది మిగతా సగం.

ఇందులో మన కథకుల వాటా తక్కువేమీ కాదు. వంటమనిషి సుబ్బమ్మ, పాలేరు పుల్లయ్య, అంట్లు తోమే అప్పలమ్మ - ఈ పంపకం ఎన్ని వందల కథల్లో చదివామో! నాయికకు మాత్రం ఎప్పుడూ నాజూకు పేరే. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో నాయిక జయంతి, నాయకుడు రాజశేఖరం. ఒక తరం ఆడపిల్లల కలల్లో తిరిగిన రాజశేఖరం ఇవాళ పింఛను తీసుకునే పెద్దమనిషి పేరులా వినిపిస్తుంది. అది పాతబడటం. రేపు మనవడి రూపంలో ఆ పేరు తిరిగి రావచ్చు. అప్పలమ్మకు జరిగింది అది కాదు. ఆమె పేరును చిన్నబుచ్చారు. పాతబడిన పేరు వేరు, చిన్నబుచ్చిన పేరు వేరు. ఈ తేడా మన విమర్శ పట్టించుకోలేదు.

చిన్నబుచ్చిన పేర్ల వెనుక ఏముందో చూడండి. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, కొత్తగా పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీదో, తిని పారేసిన విస్తళ్ళ మీదో పొర్లించి, మృత్యువు కూడా ఏవగించుకుని వదిలేయాలని పెట్టిన పేర్లు పెంటయ్య, పుల్లయ్య. సినిమాల్లో మనం నవ్విన ఆ పేరు ఒక తల్లి భయం. అప్పలస్వామి సింహాచలం అప్పన్న. నూకరాజు అనకాపల్లి నూకాలమ్మ బిడ్డ. పెంచలయ్య పెంచలకోన నరసింహస్వామి పేరు. ఇవన్నీ మొక్కుబడులు. వాటిలో కులం కూడా ఉంది: ఒకే రాముడు ఒక వీధిలో రామయ్య అయ్యాడు, ఇంకో వీధిలో రాంగాడుగా మిగిలాడు.

పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడిన మనకు ఇంకో చిక్కు ఉంది. తమిళ లిపిలో ప, బ ఒకే అక్షరం. హోసూరులో బుచ్చమ్మ అని రాసి ఇస్తే పుచ్చమ్మ అని చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు పుచ్చంటే ఏమిటో తెలుసు. ఆ పేరు ఎందుకు వదిలిందని ఆమెను ఎవరడగగలరు? 2006లో తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. తెలుగు చదవడం రాని పిల్లలున్న ఇంట్లో మిగిలే చివరి తెలుగుమాట ఒక్కోసారి పేరే. బరంపురంలో అప్పలస్వామి అని వినిపిస్తే, ఆ కుటుంబం ఏ కొండకు మొక్కిందో చెప్పవచ్చు. రెండక్షరాల కొత్త పేర్లు ముద్దుగానే ఉంటాయి, కాని వాటిని బట్టి ఏ ఊరి నుంచి కదిలామో చెప్పలేం.

అలాగని పిల్లల నెత్తిన శిలాశాసనాలు మోపమనడం న్యాయం కాదు. పెంటయ్య మనవడు ఆ పేరు వద్దంటే అది అతని హక్కు. పేరు మోసేది అతను, మెచ్చుకునేది మనం. అయితే పేరుకు గౌరవం రావాలంటే దాన్ని మార్చడం ఒక్కటే దారి కాదు. షోలాపూరు కార్మిక నాయకుడు నరసయ్య ఆడం ఆ పేరుతోనే మహారాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 'అయ్య'తో ముగిసే ఆ తెలుగు పేరు అక్కడ ఎవరికీ నవ్వులాట కాలేదు.

మన కథకులు నేర్చుకోవలసింది ఇక్కడే. పనిమనిషి పాత్ర రాగానే కలం అలవాటుగా అప్పలమ్మ అని రాస్తుంటే ఒక్క క్షణం ఆగండి. ఆ పేరు డాక్టరుకు ఇచ్చి చూడండి, పనిమనిషిని సుజాత అనండి. కథ చెడితే, ఇన్నాళ్ళూ పాత్రను మనిషితో కాక పేరుతో నడిపించామని తేలుతుంది. నాటకం చివర గురజాడ బుచ్చమ్మను చదువుకోవడానికి పూనా పంపించే ఏర్పాటు చేశాడు. ఆమె చదువు ముగించుకుని ఏ ఉద్యోగంలో చేరిందో, ఏ ఊళ్ళో కాపురం పెట్టిందో నాటకం చెప్పలేదు. మనం ఆమెను నేరుగా ముసలిదాన్ని చేసేశాం.