చాంబర్ చూసి చేతికియ్యాలె

లైసెన్స్ పిస్టల్ ఉన్నవాళ్లు ఎవరు కలిసినా నేను అడిగే మొదటి మాట ఒకటే. చివరిసారి ఎప్పుడు కాల్చిండ్రు? మన జడ్చర్లలో అడిగాను, బాదేపల్లి మార్కెట్‌లో పత్తి వ్యాపారం చేసేవాళ్లను అడిగాను, మహబూబ్‌నగర్‌లో పెట్రోల్ బంకు నడిపేవాళ్లను అడిగాను. కొన్న కొత్తలో పొలం కాడ రెండు పేల్చినమని కొందరన్నారు. అది తప్పు పని, చట్టం ఒప్పుకోదు. చాలామంది మాత్రం బీరువాలో ఉన్నది కదన్నా, అవసరమొస్తే తీస్తం అంటారు. అవసరమొచ్చిన నాడు ఆ చేతికి ఆ పిస్టల్ కొత్తదే. అప్పుడు దానివల్ల ముప్పు దొంగకు ఎంతో, ఇంట్లోవాళ్లకూ అంతే.

నేను ఫౌజులో పనిచేసి వచ్చినవాణ్ని. అక్కడ మాకిచ్చింది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం పిస్టల్, మ్యాగజైన్‌లో 13 రౌండ్లు పట్టేది. ఆ బోరు పౌరులకు నిషిద్ధం. అందుకని ఇంటికొచ్చాక లైసెన్స్ మీద తీసుకున్నది .32 బోరు, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వాళ్ల అశని. రెండింటి వెనుకా ఒక్కడి ఆలోచనే ఉంది. అమెరికాలోని ఉటాలో 1855లో పుట్టిన జాన్ బ్రౌనింగ్ అనే తుపాకుల మేస్త్రీది. పిస్టల్ పైభాగమంతా వెనక్కి జరిగి మళ్లీ ముందుకొచ్చే స్లైడ్ ఏర్పాటు ఆయన తెచ్చిందే. ఇప్పుడు నా పిస్టల్‌లో వాడే .32 తూటా కూడా ఆయన రూపొందించిందే, బెల్జియం కంపెనీ పిస్టల్ కోసం. నూటపాతికేళ్లు గడిచినా పెద్దగా మార్చాల్సిన పని పడలేదు.

పిస్టల్ పనితీరు తెలియకుండా దాన్ని పట్టుకోకూడదు. గుండును ముందుకు తోసే బలమే తూటా ఖాళీ డొల్లను, అంటే ఖోకాను, వెనక్కి తంతుంది. ఆ తన్నుకు స్లైడ్ వెనక్కి పోతుంది, ఖోకా పక్కకు ఎగిరిపడుతుంది, స్ప్రింగ్ మళ్లీ స్లైడ్‌ను ముందుకు తోస్తుంది. అట్లా వస్తూ వస్తూ అది మ్యాగజైన్‌లోని పై రౌండును గొట్టం మొదట్లో తూటా కూర్చునే చాంబర్‌లోకి ఎక్కిస్తుంది. ఇదంతా రెప్పపాటు కాలం కూడా పట్టదు. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే పేలేది ఒక్కటే. కానీ రెండోది అప్పటికే చాంబర్‌లో కూర్చుని ఉంటుంది.

ప్రమాదమంతా అక్కడే ఉంది. లైసెన్స్ ఉన్న మిత్రుడొకాయన ఈమధ్య తన కొత్త పిస్టల్ చూపిస్తానని ఇంటికొచ్చాడు. నా ముందే మ్యాగజైన్ బయటికి తీసి, "ఖాళీనే అన్నా, పట్టుకో" అని చేతిలో పెట్టబోయాడు. గొట్టం నా దిక్కే ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుని, "గోడ దిక్కు తిప్పు తమ్మీ, స్లైడ్ గుంజు" అన్నాను. గుంజాడు. ఇత్తడి రంగు రౌండొకటి టక్కుమని బల్లమీద పడి దొర్లింది. ఆయన ముఖంలో రక్తం లేదు. మ్యాగజైన్ తీస్తే పిస్టల్ ఖాళీ అయినట్టేనని ఆయన ఇన్నాళ్లూ నమ్మాడు. పిల్లలున్న ఇంట్లో దాన్ని అట్లాగే దాచాడు.

మా ఉస్తాద్ నేర్పిన వరుస ఇది. వేలు ట్రిగ్గర్ మీదికి పోకుండా పక్కకు చాచి ఉంచాలి. గొట్టం మనిషి లేని వైపు తిప్పాలి. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతనే స్లైడ్ గుంజాలి. వరుస తారుమారై స్లైడ్ ముందు గుంజితే, పాత రౌండ్ బయటపడినా మ్యాగజైన్‌లోంచి కొత్తది లోపలికి ఎక్కుతుంది. స్లైడ్ వెనక్కి పట్టి ఉంచి చాంబర్‌లోకి కంటితో చూడాలి, చీకట్లో అయితే చిటికెన వేలు పెట్టి తడమాలి. ఇంత చేసి చేతికిచ్చినా, అందుకున్నవాడు మళ్లీ మొదటి నుంచి అదే పని చేయాలి. ఇచ్చినవాడు బాధపడకూడదు. ఫౌజులో సుబేదారు ఇచ్చిన పిస్టలైనా జవాను చాంబర్ చూసుకుంటాడు, ఎవరూ దాన్ని అగౌరవం అనుకోరు.

కొత్త పిస్టల్ డబ్బాలోంచి తీయగానే కాల్చేది కాదు. ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు స్లైడ్ గాడుల్లో, గొట్టంలో, మ్యాగజైన్ లోపల గడ్డకట్టి ఉంటుంది. విప్పి బల్లమీద పాత తెల్లబట్ట పరిచి, స్లైడ్, గొట్టం, రికాయిల్ స్ప్రింగ్ విడివిడిగా పెట్టుకుంటాను. గొట్టంలోకి మొదట ఇత్తడి బ్రష్, తర్వాత గుడ్డపీలిక చుట్టిన కడ్డీ. మొదటి పీలిక నల్లగా వస్తుంది, తర్వాతది బూడిదరంగులో, మరికొన్ని పోయాక తెల్లగా. అప్పుడు గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి చూస్తే లోపలి మెలికల గాడులు వెలుతురులో తిరుగుతూ కనిపిస్తాయి. ఆ గాడులే గుండును బొంగరంలా తిప్పి నేరుగా పంపేవి. నూనె మాత్రం ఒకటి రెండు చుక్కలు, స్లైడ్ జారే చోట. మన దిక్కు ఎండాకాలం దుమ్ము ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. నూనె ఎక్కువైతే ఆ దుమ్మంతా అంటుకుని స్లైడ్ బరువుగా కదులుతుంది. కాల్చబోయే ముందు గొట్టం పొడిగా తుడవాలి.

వానాకాలం వేరే లెక్క. తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచేవాళ్లు చాలామంది ఉన్నారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఇనుము దాన్ని మోస్తుంది. కొన్ని వారాలకే ఒర అంచు తగిలే చోట సన్నటి ఎర్రగీత పడుతుంది. ఒర నడుముకు కట్టుకునేటందుకే. దాచడానికి పొడిబట్ట, తేమ పీల్చే సిలికా పొట్లం, తాళం ఉన్న పెట్టె, రౌండ్లకు వేరే తాళం. దసరాకు ఆయుధపూజ చేస్తాం, చేయాలి కూడా. కానీ పసుపు కుంకుమలు స్లైడ్‌కు పెట్టొద్దు. తడి పసుపు ఒక్క రాత్రి ఉన్నా మరక దిగుతుంది, కుంకుమ పొడి గాడుల్లో చేరుతుంది. పెట్టెకు బొట్టు పెట్టి దండం పెట్టుకుంటే చాలు. జమ్మి చెట్టు కాడ గాలిలోకి పేల్చే సరదా అసలే వద్దు. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత వేడుకల్లో అజాగ్రత్తగా పేల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇక కాల్చడం. రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వం తీసుకుని, షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌కు పోతాను. దగ్గర దగ్గర 90 కిలోమీటర్లు. పిస్టల్ ఖాళీగా ఒక పెట్టెలో, రౌండ్లు ఇంకో పెట్టెలో, లైసెన్స్ పుస్తకం జేబులో. అక్కడ లైన్‌లో నిలబడితే ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా మళ్లీ మొదటి పాఠమే. చూపు ఎదురుగా ఉన్న బోర్డు మీద కాదు, పిస్టల్ కొసన ఉన్న ముందు సైట్ మీద నిలవాలి. బోర్డు మసకగా కనబడితేనే సరిగ్గా చూస్తున్నట్టు. ఊపిరి సగం వదిలి ఆపి, వేలిని మెల్లగా వెనక్కి తెస్తూ పోవాలి. ఎప్పుడు పేలుతుందో చేతికి ముందే తెలిస్తే చెయ్యి అదురుతుంది, కుడిచేతివాళ్ల గుండు కిందికి, ఎడమకు పడుతుంది. మణికట్టు వదులైతే స్లైడ్‌కు తన్నే ఆధారం దొరకక ఖోకా సగంలో ఇరుక్కుని నిలువుగా నిలబడుతుంది. కొత్తవాళ్లు పిస్టల్ చెడిపోయిందంటారు. తొంభై పాళ్లు చెడింది పట్టే.

అదే గచ్చిబౌలి రేంజ్ నుంచి షూటర్ ఈషా సింగ్ వచ్చింది. 2005లో హైదరాబాద్‌లో పుట్టిన పిల్ల. 13 ఏళ్లకే, 2018లో, ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టుతో స్వర్ణం, వ్యక్తిగతంగా రజతం తెచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో నిలబడింది. ఆ 25 మీటర్ల పోటీలో వాడేది .22 సెమీ ఆటోమేటిక్ పిస్టలే, ఐదేసి రౌండ్ల వరసలు. ర్యాపిడ్ దశలో చెయ్యి కిందికి దించి ఏడు సెకన్లు ఆగాలి, తర్వాతి మూడు సెకన్లలో చెయ్యెత్తి, సైట్ కలిపి, ఒక్క గుండు కాల్చాలి. ఆ మూడు సెకన్ల వెనుక ఎన్నేళ్ల సాధన ఉందో రేంజ్ మీద ఒక్క పూట నిలబడ్డవాళ్లకు అర్థమవుతుంది. ఇక యంత్రం ఎంత మాట నిలబెట్టుకోవాలో ఈషాతో పాటు అదే జట్టులో కాల్చిన మను భాకర్‌ను అడగాలి. 2021లో టోక్యోలో క్వాలిఫికేషన్ మధ్యలో ఆమె ఎయిర్ పిస్టల్ లీవర్ విరిగింది. బాగుచేయించి తిరిగొచ్చి కాల్చినా 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయింది, ఫైనల్ తప్పింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది. అంతటి వాళ్లకే ఆయుధం పరీక్ష పెడితే, ఏళ్లకేళ్లు బీరువాలో పడున్న మన పిస్టల్ మీద మనకున్న నమ్మకానికి ఆధారమేంది?

చట్టం మంచిదే. 2016 ఆయుధ నిబంధనలు లైసెన్స్‌కు ముందు భద్రతా శిక్షణ ఉండాలన్నాయి, ఇంట్లో భద్రంగా దాచుతామని హామీ రాయించుకుంటున్నాయి. 2019 సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది, ఒకరు ఉంచుకోగల ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఎన్నికలొస్తే ఠాణాలో అప్పజెప్పాలి. 2023 చివర అసెంబ్లీ ఎన్నికలకు, మళ్లీ 2024 వేసవిలో లోక్‌సభ ఎన్నికలకు మన దిక్కు ఎన్నో తుపాకులు అట్లా పోయి వచ్చాయి. అన్నీ సరే. కానీ రెన్యువల్‌కు పోతే ఆయుధం చూపించమంటారు, ఫీజు కట్టమంటారు, కాగితాలు అడుగుతారు. ఈ ఐదేళ్లలో ఒక్కసారైనా రేంజ్ మీద కాల్చినవా అని నన్నెవరూ అడగలేదు. బండి నడపడం రాదని తెలిస్తే లైసెన్స్ ఇవ్వరు కదా, పిస్టల్ విషయంలో ఆ పట్టింపు ఎందుకు సడలాలి?

జిల్లా కలెక్టర్‌కు, ఎస్పీకి నా విన్నపం ఒకటే. పోలీసుల ఫైరింగ్ రేంజ్‌ను నెలకొక ఆదివారం లైసెన్స్‌దారులకు తెరవండి. పక్కన ఒక ఉస్తాద్‌ను నిలబెట్టండి, రౌండ్ల ఖర్చు, రుసుము మేమే కట్టుకుంటాం. ఆ హాజరును రెన్యువల్ కాగితాల్లో చేర్చండి. పక్కనే బడిపిల్లలకు పది మీటర్ల ఎయిర్ పిస్టల్ లేన్లు నాలుగు పెడితే, మన్యంకొండ జాతరలో బుడగలు కొట్టి మురిసే పిల్లల్లో గచ్చిబౌలి దాకా పోలేని ఈషాలు ఎందరున్నారో తెలుస్తుంది.

లైసెన్స్ ఉన్న అన్నలకు, తమ్ముళ్లకు కూడా ఒక మాట. ఈ ఆదివారం పిల్లలు లేని గదిలో కూర్చుని మ్యాగజైన్ తీయండి, స్లైడ్ గుంజండి, చాంబర్ కంటితో చూడండి. తర్వాత విప్పి తుడవండి. వచ్చే నెల రేంజ్‌కు రండి. కాల్చే ఓపిక, ఉద్దేశం లేనివాళ్లు పిస్టల్‌ను ఠాణాలోనో, అనుమతి ఉన్న డీలర్ దగ్గరనో అప్పజెప్పి లైసెన్స్ వాపసు చేయండి. చట్టంలో ఆ దారి ఉంది.