సూక్ష్మ నిష్కర్షణ పద్ధతి: గుణదోష విచారణ

త్రాగునీటిలో కాడ్మియం లీటరుకు 3 మైక్రోగ్రాములను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భారత ప్రమాణమును అదియే. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. ఇంత స్వల్పమైన లోహమును కొలుచుటకు, ముందుగా దానిని ఒక చిన్న బొట్టులోనికి చేర్చుట మంచి ఉపాయము. కుండెడు మజ్జిగను చిలికి పిడికెడు వెన్న తీయుట వంటిదే ఇది.

ఈ ఉపాయమునకు 2006లో ఇరాన్ దేశపు రసాయనజ్ఞులు రెజాయీ, అస్సాదీ మొదలగువారు ఒక క్రొత్త రూపమిచ్చిరి. 2007లో అది కాడ్మియమునకు అన్వయింపబడినది. అరమిల్లీలీటరు మిథనాలులో 34 మైక్రోలీటర్ల కార్బన్ టెట్రాక్లోరైడును, లోహమును పట్టుకొను కారకమును కలిపి, 5 మిల్లీలీటర్ల నీటిలోనికి సిరంజితో వేగముగా చిమ్ముదురు. నీరు పాలవలె తెల్లబడును. కార్బన్ టెట్రాక్లోరైడు అసంఖ్యాకములైన సూక్ష్మ బిందువులుగా విడిపోవుటయే దీనికి కారణము. బిందువులు చిన్నవైనకొలది వాటి మొత్తము ఉపరితలము పెరుగును; అందుచే లోహము క్షణములలో వాటిలోనికి చేరును. సెంట్రిఫ్యూజిలో త్రిప్పగా, నీటికంటె బరువైన ఆ ద్రవము అడుగున సుమారు 25 మైక్రోలీటర్ల బొట్టుగా నిలుచును. దానిని గ్రాఫైట్ కొలిమిగల పరమాణు శోషణ యంత్రములో పరీక్షింతురు.

వేగము, పొదుపు దీని గుణములు. వేర్పాటు గరాటులో మిల్లీలీటర్లకొలది పోయవలసిన ద్రావణి ఇక్కడ ఒకటి రెండు చుక్కలతో సరిపోవును. అయితే ఫలితములను విమర్శదృష్టితో చూడవలెను. 5 మిల్లీలీటర్లు 25 మైక్రోలీటర్లగుట 200 రెట్ల తగ్గుదల. ప్రకటింపబడిన సాంద్రత పెరుగుదల 125 రెట్లు మాత్రమే. అనగా బొట్టులోనికి వచ్చిన కాడ్మియం సుమారు 62 శాతము. ప్రతిసారి అదే వంతు వచ్చుచుండినచో ఇది దోషము కాదు. కాని చెరువునీటిలోని సేంద్రియ పదార్థములు లోహమును తామే పట్టుకొనినచో ఆ వంతు తగ్గవచ్చును.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న అవసరమును గూర్చినది. ఈ పద్ధతి లీటరుకు 0.6 నానోగ్రాము వరకు గుర్తించునని పరిశోధకులు తెలిపిరి. అది త్రాగునీటి పరిమితిలో 5000వ వంతు. పరిమితిని తెలిసికొనుటకు గ్రాఫైట్ కొలిమి ఒక్కటే చాలును. కనుక ఈ చేర్పు నిజముగా అక్కరకు వచ్చునది జ్వాలా యంత్రము మాత్రమే గల ప్రయోగశాలలకు, సముద్రజల పరిశోధకులకు. అంత సూక్ష్మమైన కొలతలో సీసా గోడ, ఆమ్లము, గాలిలోని ధూళి కూడ కాడ్మియమును చేర్చగలవు.

కొద్ది ద్రావణితో పని జరుగుటచే దీనిని పర్యావరణ హితమని పొగడుదురు. కాని కార్బన్ టెట్రాక్లోరైడు కాలేయమునకు విషము, ఓజోను పొరకు హాని. తరువాత అండెకనాలు వంటి, నీటిపై తేలి చల్లార్చిన గడ్డకట్టు ద్రావణులు వాడుకలోనికి వచ్చుట మేలైన మార్పు.

ఇట్టి పద్ధతిని గూర్చి చదువు విద్యార్థి మూడు సంగతులు వెదకవలెను: నమూనా లేని బ్లాంక్ పరీక్ష చేసిరా? తెలిసిన లోహమును నిజమైన నీటిలో కలిపి తిరిగి రాబట్టిరా? ఆ సూక్ష్మత ఏ నీటికి అవసరము? ఈ మూడింటికి జవాబు లేనిచో, ఎన్ని రెట్లు పెంచితిమన్న అంకె ఒక్కటే ఆ పద్ధతి విలువను నిర్ణయింపజాలదు.