సంత పుస్తకం అట్ట మీది బొమ్మ, ఒక నాటకకర్త

బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు సంతల్లో తాడు మీద వేలాడదీసి అమ్మే చిన్న పద్యకథల పుస్తకాలను కోర్దెల్ అంటారు. మామూలుగా 8 పేజీలు, కథ పెద్దదైతే 16, 32. మన పాత చవక పుస్తకాలైన గుజిలీ ప్రతులకు వరసకు చుట్టాలు. అమ్మేవాడే కథ పాడతాడు, రసకందాయంలో పడగానే ఆపేస్తాడు. మిగతాది కావాలంటే కొనుక్కోవాల్సిందే. ఆ పుస్తకాల అట్ట మీద నల్లటి వుడ్‌కట్ బొమ్మ ఒకటి ఉంటుంది. నాటకకర్త అరియానో సువాసునా (1927–2014) తన నాటకానికీ, నవలకూ, చిత్రాలకూ ఒరవడిగా పెట్టుకున్నది ఈ సంత సరుకునే.

ఆ బొమ్మ ఎలా తయారవుతుందో తెలిస్తే ఆయన పని సగం అర్థమైనట్టే. ఇంబురానా లాంటి మెత్తటి కలప ముక్కను చిత్రిక పట్టి నునుపు చేస్తారు. బొమ్మను ఎడమ కుడిగా తిప్పి గీసుకుని, తెల్లగా ఉండాల్సిన చోటల్లా చాకుతోనో సన్న ఉలితోనో తవ్వేస్తారు. తవ్వకుండా మిగిలిన గట్టుకే సిరా అంటుతుంది. దిమ్మ ఎత్తు సీసపు అక్షరాల ఎత్తుకు సరిపోయిందా, కథ పేరూ బొమ్మా ప్రెస్సులో ఒకేసారి పడతాయి. మెత్తటి చెక్కలో మరీ సన్నటి గీత నిలవదు, విరిగిపోతుంది. అట్ట చూస్తేనేమో అరచేయంత. అందుకని చెక్కేవాడు నీడల జోలికీ దూరాల జోలికీ పోడు. మనిషిని మందపాటి రేఖతో ఎదురుగా నిలబెట్టేస్తాడు. దయ్యమైతే కొమ్ములు, బందిపోటైతే పెద్ద అంచు టోపీ. చదువురానివాడు కూడా తాడు మీద చూసి ఇది ఫలానా కథ అని పోల్చుకోవాలి కదా!

ఇదంతా కళ కోసమని మొదలైంది కాదు. సినిమా తారల ఫోటోలతో జింకు బ్లాకులు వేసిన అట్టలూ ఉండేవి. బ్లాకు చేయించే స్తోమత లేనివాడికి చెక్కే దిక్కు. బెజెర్రోస్ ఊరి జె. బోర్జెస్ 1960లలో అలాగే, డబ్బుల్లేక తన పుస్తకం అట్టను తానే చెక్కుకున్నాడు. తరవాత ఆయన చెక్కిన బొమ్మలు విదేశీ ప్రదర్శనలకు వెళ్లాయి.

సువాసునా పరైబా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి ఆ రాష్ట్రాన్ని ఏలినవాడు. 1930లో రాజకీయ కక్షల వల్ల హత్యకు గురయ్యాడు. అప్పటికి పిల్లవాడికి మూడేళ్లు. తపెరోవా అనే కరువుసీమ ఊళ్లో బొమ్మలాటలు, సర్కసులు, సంత పాటల మధ్య పెరిగాడు. 1955లో రాసిన ‘ఆవుతో ద కొంపదెసీద’ నాటకాన్ని మూడు కోర్దెల్ కథల మీద నిలబెట్టాడు: కుక్కకు శాస్త్రోక్తంగా అంత్యక్రియలు, నాణేలు విసర్జించే జంతువు, చచ్చినవాళ్లకు దైవసన్నిధిలో విచారణ. ఇందులో రొట్టెలవాడు, వాడి పెళ్లాం, బిషప్పు పేర్లతో కాదు, వృత్తులతోనే తెలుస్తారు. మనసు లోపలి నీడలేవీ ఉండవు. వచ్చీ రాగానే ఎవరేమిటో తెలిసిపోతుంది. పాత్రలు పలచనివని ఎవరైనా అంటే, వుడ్‌కట్‌లో నీడలు లేవని తప్పుపట్టినట్టే. గీత మందంగా ఉన్నందుకే నవ్వు అంత గట్టిగా తగులుతుంది.

1970లో రెసిఫీ నగరంలో ఆయన ఆర్మోరియల్ ఉద్యమాన్ని ప్రారంభించాడు. జనం కళల్లోంచి ఉన్నత కళను తీయాలన్నది దాని సంకల్పం. చిత్రకారుడు జిల్వాన్ సమీకోకు కోర్దెల్ అట్టలు చూడమని అంతకు ముందే సలహా ఇచ్చింది ఈయనే. ఆ తరవాత సమీకో వుడ్‌కట్లు తేటపడ్డాయి. చీకట్లు పోయి, తెలుపు విశాలంగా పరుచుకుంది.

సువాసునా స్వయంగా ఏం చేశాడు? 1971లో వచ్చిన ‘పెద్ర దొ రేనో’ నవలలో వుడ్‌కట్‌లలా కనిపించే బొమ్మలున్నాయి. కథ ప్రకారం వాటిని చెక్కింది కథానాయకుడి సోదరుడు తాపారికా. నిజానికి అవి సువాసునా వేసిన గీతలే. చెక్కకుండానే చెక్కినట్టు గీశాడు, ఆ కీర్తిని కల్పిత పాత్రకు కట్టబెట్టాడు. నాటకకర్త బుద్ధి ఎక్కడికి పోతుంది! 1974లో పశువులకు వాతలు వేసే ఇనుప ముద్రల మీద పుస్తకం వేశాడు. ఆ ముద్రల ఆకారాల్లోంచే ఒక అక్షరమాలను మలిచాడు. 1980లో, 1985లో పదేసి చిత్రాల సంపుటాలు రెండు తెచ్చాడు. సొంత సానెట్‌ను చేతిరాతతో రాసి, చుట్టూ నల్లసిరాతో బొమ్మలు గీసి, ఆఫ్‌సెట్‌లో అచ్చు వేయించి, ఒక్కో ప్రతికీ కుంచెతో రంగులద్దాడు. అచ్చూ ఉంది, చేతిపనీ ఉంది. ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకటి కావు.

ఆ సంపుటాలు కొద్ది ప్రతులే. చేరింది సేకరణకర్తల ఇళ్లకూ, మ్యూజియాలకూ. చిల్లర డబ్బులకు దొరికే సంత పుస్తకం నుంచి పుట్టిన కళకు ఇది కాస్త ఎబ్బెట్టు గమ్యమే. 2018లో బ్రెజిల్ ప్రభుత్వం కోర్దెల్‌ను సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది, మంచిదే. కానీ సువాసునాను తెలుసుకోవాలనుకుంటే ఆ రంగుల సంపుటాలతో మొదలుపెట్టకండి. ముందు నాటకం, తరవాత నవలలోని తాపారికా బొమ్మలు. సంపుటాలు చివర్న చూసినా నష్టం లేదు.