గోపల్ల గ్రామం: నవలా, అవ్వ చెప్పిన కతలా?

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ మొదటి నవల 'గోపల్ల గ్రామం' 1976లో వచ్చింది. గాంధీపురంలో మా ఇంట్లోనే దీనిమీద రెండు పక్షాలు.

"ఇది నవలేంది? మూట విప్పి పోసిన కతలు" అంటాడు మా అన్న. నాయకుడు లేడు, ఎత్తుకున్న కత వరసగా సాగదు. ఆ మాట నిజమే. నగలకోసం నిండు చూలాల్ని ఒక దొంగ చెరువులో ముంచి చంపుతాడు. ఆమె నీళ్ళలోనే వాడి కాలి బొటనవేలు కరిచి పట్టుకుంటుంది. తర్వాత ఏమైందో అని మనం కూచుంటే, ముసలి మంగత్తాయారు తాతల కాలానికి పోతుంది: చెన్నాదేవి అందం వల్ల వచ్చిన ఆపద, తెలుగు దేశం వదిలి పారిపోవడం, అడవి కొట్టి ఊరు కట్టుకోవడం.

"మా అవ్వ అచ్చం ఇట్లే చెప్పేది" అంటుంది వదిన. నాదీ వదిన పక్షమే. కాయితం ముక్క లేకుండా కట్టుబట్టలతో వచ్చినవాళ్ళ కతకి వరస ఎక్కడిది?

నా కొరత వేరే. రచయిత ఇంటి మాట తెలుగే, పుస్తకం మాత్రం కరిసల్ తమిళం. ఆ తమిళానికి ఆయన నిఘంటువు కూడా కూర్చినారు. మరి అవ్వల తెలుగుని ఎవరు రాసిపెట్టినారు?

మొన్న మనవడు ఇది చదివి, మనవాళ్ళు ఏ ఊరినించి వచ్చినారు తాతా అని అడిగాడు. తమిళంలోనే అడిగాడు.